నాయిక నోటితోనే వినే పాత రీజెన్సీ నవలలు ఇష్టపడేవారు ఉన్నారా?

పాతపుటలు
నాయిక ‘నేను’ అంటూ తన కథను తానే చెప్పే పాత రీజెన్సీ ప్రేమనవలలంటే నాకు ఎంతో ఇష్టం. మూడవ జార్జి రాజుకు మతి చలించడంతో ఆయన కుమారుడు రాజప్రతినిధిగా పాలించిన 1811–1820 మధ్యకాలపు ఇంగ్లండును నేపథ్యంగా తీసుకొని, 1970ల నుంచి 1990ల దాకా పాకెట్ పుస్తకాలుగా వచ్చిన నవలల గురించి అడుగుతున్నాను. వాటిలో అధికభాగం ‘ఆమె’, ‘అతను’ అంటూ ప్రథమ పురుషలోనే నడుస్తాయి. ‘నేను’ అంటూ ఉత్తమ పురుషలో ఉన్నవి తక్కువ, నేను వెతికేది ఆ తక్కువవాటి కోసమే. ఈ మాట చెప్పినప్పుడల్లా, నాయకుడి మనసులో ఏముందో తెలియని ప్రేమకథను ఎలా చదువుతావని స్నేహితులు అడుగుతున్నారు. ఇప్పటి నవలలు ఒక అధ్యాయం ఆమె వైపు నుంచి, మరొకటి అతని వైపు నుంచి చెబుతాయి కనుక వారికి అదే అలవాటైంది. అతని మనసు తెలియకపోవడమే నాకు కావాలి. విందు బల్లకు అవతల కూర్చున్న అతని ముఖంలో కనిపించినది కోపమో బాధో తేల్చుకోలేక ఆమె తికమకపడుతుంటే, నేనూ ఆమెతోపాటు తికమకపడాలి. ఇలాంటి ఇష్టం ఉన్నవారు ఎవరైనా ఉంటే, నచ్చిన పుస్తకమేదో, అది ఎందుకు నచ్చిందో వివరంగా రాయండి.

అటకమీది పెట్టె
ఉన్నామండీ. జోన్ వుల్ఫ్ రాసిన ‘ది డిసెప్షన్’ (1996), ‘ది గార్డియన్’ (1997), ‘ది గ్యాంబుల్’ (1998) మూడూ నాయిక మాటల్లోనే నడుస్తాయి. వుల్ఫ్ గుర్రాల గురించి రాసిన పేజీలు చాలు, పుస్తకం కింద పెట్టలేం.

తటస్థ పాఠకుడు
నాకు ఈ పద్ధతి అంతగా రుచించదు. కథ చెబుతున్నది ఆమే అయినప్పుడు ఆమెకు ప్రాణాపాయం లేదని, చివరికి అంతా చక్కబడిందని మొదటి పేజీలోనే తెలిసిపోతుంది. రెండవ అభ్యంతరం ఇంకా పెద్దది. నాయిక తనను తాను అందగత్తెనని చెప్పుకుంటే అహంకారం అనిపిస్తుంది, చెప్పుకోకపోతే ఏ అద్దం ముందో నిలబెట్టి రచయిత్రి ఆ పని చేయించాలి. ఈ రకం నవలలకు ఆద్యురాలైన జార్జెట్ హేయర్ తన రీజెన్సీ నవలల్లో ఈ పద్ధతి జోలికి పోలేదంటే ఊరకే పోలేదనుకోను.

రాత్రి పాఠకురాలు
తటస్థ పాఠకుడు గారూ, చివరికి అంతా చక్కబడుతుందని ప్రేమనవల కొన్నవారికి ముందే తెలుసు కదా. ఆ అభ్యంతరం డిటెక్టివ్ నవలకు వర్తిస్తుందేమో గానీ దీనికి వర్తించదు. ఏం జరుగుతుందన్న ఉత్కంఠ ఇక్కడ ఉండదు. ఆమెకు ఎప్పుడు తెలిసివస్తుందన్నదే ఉత్కంఠ.

చుక్కల లెక్క
రాత్రి పాఠకురాలు గారు చెప్పినదానికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ షీలా సైమన్సన్ రాసిన ‘లేడీ ఎలిజబెత్స్ కామెట్’ (1985). ఇందులో నాయిక ఖగోళ శాస్త్రజ్ఞురాలు. తండ్రి ఎర్ల్ అనే బిరుదున్న ప్రభువు, ఆయనకు మిగిలినది కూతుళ్లే. అందువల్ల బిరుదూ ఎస్టేటూ ఎవరో దూరపు జ్ఞాతికి దక్కుతాయి. ఆ కొత్త ఎర్ల్ ఇంటికి వస్తాడు. లేడీ ఎలిజబెత్ ధ్యాసంతా తన టెలిస్కోపు మీద, తోకచుక్క మీద, ఇంట్లో ఉన్న అల్లరి చెల్లెళ్ల మీద, అతని అందమైన స్నేహితుడి మీద ఉంటుంది. ఆమె కొత్త ఎర్ల్ గురించి రాసే ప్రతి వాక్యమూ చిరాకుతోనే ఉంటుంది గానీ, ఆ చిరాకు వాక్యాల సంఖ్య పెరుగుతూ పోతుంది. అతను ఏమి తిన్నాడో, ఎంత పాలిపోయి ఉన్నాడో, ఎవరితో మాట్లాడేటప్పుడు నవ్వాడో అన్నీ రాస్తుంది, ఎందుకు రాస్తున్నదో మాత్రం ఆలోచించదు. పరిశీలన ఆమె వృత్తి. ఆకాశంలో చిన్న మార్పునైనా పట్టుకోగల మనిషి తన రాతలో వచ్చిన మార్పును పట్టుకోలేకపోవడం ఉత్తమ పురుషలో తప్ప ఇంత చక్కగా పండదు.

ఆ కాలంలో స్త్రీ తోకచుక్కలు వెతకడం కల్పన అనుకునేవారికి ఒక మాట. కెరొలిన్ హెర్షెల్ 1786–1797 మధ్య ఎనిమిది తోకచుక్కలను కనుగొన్నది. 1787 నుంచి ఆమెకు ఏడాదికి 50 పౌండ్ల జీతం ఇచ్చినది ఈ మూడవ జార్జి రాజే. ఇక రీజెన్సీ మొదలైన 1811లోనే ఒక పెద్ద తోకచుక్క నెలల తరబడి మామూలు కంటికి కనిపించింది.

పాతపుటలు
చుక్కల లెక్క గారూ, ఇదే నేను చెప్పాలనుకున్నది. ఆమె చిరాకును లెక్కపెట్టడం అనే మాట నాకు బాగా నచ్చింది.

తటస్థ పాఠకుడు
పుస్తకం మంచిదే కావచ్చు. అయితే తన మనసు తనకు తెలియని నాయికను చూపించడానికి ‘నేను’ అవసరమా అన్నదే నా సందేహం. జేన్ ఆస్టెన్ ‘ఎమ్మా’ 1815 డిసెంబరులో వచ్చింది, దానిని ఆ రాజప్రతినిధికే అంకితమిచ్చారు. ఎమ్మాకు తాను నైట్లీని ప్రేమిస్తున్నట్లు చాలా ఆలస్యంగా తెలుస్తుంది. ఆ నవల ప్రథమ పురుషలోనే ఉంది, అయినా మనం ఎమ్మా తలలోనే ఉంటాం. అసలు ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’ మొదటి రూపం ఉత్తరాల నవల అని, ఆస్టెన్ తరువాత దానిని తిరగరాశారని ఆమె కుటుంబీకులు చెప్పారు. అంతటి రచయిత్రి ‘నేను’ను వదిలేసి ముందుకు వెళ్లినప్పుడు, 150 ఏళ్ల తరువాతి వారు వెనక్కి తిరగడం దేనికి?

ఉత్తరాల సంచి
ఆస్టెన్ వదిలేసినా కాలం వదిలేయలేదండీ. ‘కాసిల్ రాక్‌రెంట్’ (1800) ఒక ముసలి నౌకరు చెప్పే కథ. స్కాట్ ‘రాబ్ రాయ్’ కూడా ఉత్తమ పురుషే, అందులో ఒక ప్రేమకథ కూడా ఉంది. 1818లో వచ్చిన ‘ఫ్రాంకెన్‌స్టైన్’లో ఒకరి ‘నేను’లో మరొకరి ‘నేను’ ఉంటుంది. రీజెన్సీ కాలపు పాఠకులకు ఈ పద్ధతి బాగా పరిచయం. కాబట్టి 1980లలో ఒక రచయిత్రి దీనిని ఎంచుకుంటే అది వెనక్కి తిరగడం కాదు, ఆ కాలపు అలవాటును గౌరవించడం.

ఉత్తరాల సంగతి వచ్చింది కనుక ఇంకొకటి. 1840కి ముందు ఇంగ్లండులో ఉత్తరం ఖర్చు సాధారణంగా అందుకున్నవారే కట్టేవారు. దూరాన్నిబట్టి, కాగితాల సంఖ్యనుబట్టి ధర. రెండో కాగితం పెడితే రెట్టింపు. అందుకని ఒకే కాగితం నిండా రాసి, దానిని అడ్డంగా తిప్పి, అదే రాత మీద మళ్లీ రాసేవారు. కవరు పెడితే అదీ ఒక కాగితం కింద లెక్క, అందువల్ల ఉత్తరాన్నే మడిచి లక్కతో అంటించేవారు. పార్లమెంటు సభ్యుడు పైన సంతకం చేసి ఇస్తే మాత్రం ఉచితంగా వెళ్లేది. నాయిక ఉత్తరాల రూపంలో చెప్పే నవలల్లో ఇవన్నీ కథలోకి వస్తాయి. ప్రతి మాటకూ ఖరీదున్న కాగితం మీద ఒక అమ్మాయి, తనకు లెక్కే లేదన్న మనిషి గురించి సగం పేజీ ఎందుకు ఖర్చు చేసిందో అక్కకు అర్థమవుతుంది, మనకూ అర్థమవుతుంది.

గోదారి గాలి
ఉత్తరాల సంచి గారి పేరుకు ఈ పోస్టు భలే సరిపోయింది.

రాత్రి పాఠకురాలు
‘ఎమ్మా’ విషయంలో తటస్థ పాఠకుడు గారితో నాకు పేచీ ఉంది. అక్కడ ఎమ్మా పక్కన ఆస్టెన్ నిలబడి ఉంటుంది. ఎమ్మా పొరబడుతున్నదని మొదటి వాక్యం నుంచే ఆమె మనకు సైగ చేస్తూ ఉంటుంది. ఉత్తమ పురుషలో అలా సైగ చేసేవారు లేరు. ఉన్నది ఇద్దరు నాయికలు. ఒకరు ఆ రోజు ఆ గదిలో ఉన్న అమ్మాయి, మరొకరు అంతా జరిగిపోయాక కూర్చొని రాస్తున్న స్త్రీ. రెండవ ఆమెకు అన్నీ తెలుసు, అయినా చెప్పదు. ‘జేన్ ఐర్’ (1847)లో పెళ్లయి పదేళ్లయిందని జేన్ చివరలో చెబుతుంది. అంటే నాయకుడు రోచెస్టర్ ఇంటి మేడమీద ఎవరున్నారో మొదటి నుంచీ తెలిసిన మనిషే మనకు అక్కడి వింత నవ్వు వినిపించింది, ఆ రాత్రి తాను భయపడినట్లే మనల్నీ భయపెట్టింది. తెలిసి కూడా దాచిపెట్టి, ఆనాటి అజ్ఞానాన్ని నిజాయతీగా మళ్లీ బతకడం చాలా కష్టమైన పని. మంచి రీజెన్సీ రచయిత్రులు ఆ పని 220 పేజీల చిన్న పుస్తకంలో, చలోక్తులతో చేస్తారు. నాకు ఆ స్త్రీ అంటే ఇష్టం. ఎదురుగా నాయకుడు ఇప్పుడు భర్తగా కూర్చొని ఉంటాడు, ఆమె మాత్రం అతన్ని అసహ్యించుకున్న రోజును ఒక్క మాట మెత్తబరచకుండా రాస్తుంది.

పాతపుటలు
ఈ ఇద్దరు నాయికల మాట నేను ఎక్కడా చదవలేదు. ఇక పాత పుస్తకాలన్నీ మళ్లీ తీయాలి.

తటస్థ పాఠకుడు
‘జేన్ ఐర్’ను ఒప్పుకుంటాను. అయితే అది రీజెన్సీ ప్రేమనవల కాదు. ఆ స్థాయి పనితనం అన్ని పాకెట్ పుస్తకాల్లో ఉన్నదని అంటే మాత్రం ఒప్పుకోను.

బెజవాడ వకీలు
పనితనం సంగతి పక్కనపెట్టి చట్టం సంగతి చూద్దాం. ఆ కాలపు ఇంగ్లండులో పెళ్లయిన స్త్రీకి చట్టం దృష్టిలో విడిగా అస్తిత్వం లేదు. ఆమె నగదు, నగలు భర్తవైపోయేవి. పుట్టింటివారు ముందుగానే ట్రస్టు రాయించి ఉంటేనే కొంత రక్షణ. పిల్లల మీద హక్కు తండ్రిది. ఆ విషయంలో తల్లికి చిన్న ఊరట 1839లో వచ్చింది. పూర్తి విడాకులు కావాలంటే 1857 దాకా పార్లమెంటులో ప్రత్యేక చట్టం చేయించుకోవాలి. ఆస్తి మీద పూర్తి హక్కు 1882 చట్టంతో గానీ రాలేదు. ఇప్పుడు పాతపుటలు గారి మొదటి ప్రశ్నకు వస్తాను. నాయకుడి మనసు తెలియడం లేదన్నది ఇప్పటి పాఠకులకు కథనంలో లోటుగా కనిపించవచ్చు. ఆ రోజుల్లో పెళ్లికి సిద్ధమైన అమ్మాయికి అది బతుకు సమస్య. తన ఆస్తి, తన శరీరం, పుట్టబోయే పిల్లలు అన్నిటినీ ఎవరి చేతిలో పెట్టబోతున్నదో ఆ మనిషి మనసు ఆమెకు తెలియదు, తెలుసుకొనే దారీ లేదు. అధ్యాయం మార్చి అతని తలలోకి మనల్ని తీసుకువెళ్లి, అతను మంచివాడేనని భరోసా ఇస్తే, ఆమె తీసుకుంటున్న సాహసం బరువు మనకు తెలియకుండా పోతుంది. ఉత్తమ పురుష కథనం ఆ భరోసా ఇవ్వదు. నాకు ఈ పద్ధతి నచ్చడానికి కారణం అదొక్కటే.

అటకమీది పెట్టె
వకీలు గారి మాటకు ‘ది గ్యాంబుల్’ సరైన సాక్ష్యం. తండ్రి పోయాక నాయిక జార్జియానాకు ఆయన బ్లాక్‌మెయిల్‌తో బతికాడని తెలుస్తుంది. అభం శుభం తెలియని చెల్లెలి బాధ్యత ఆమె మీద ఉంది. దానితో ఆ కాగితాల్లో ఒకదాన్ని పట్టుకొని వెళ్లి, తనకు లండన్ సీజన్ (పెళ్లి సంబంధాల కోసం విందుల్లో, నాట్యాల్లో గడిపే కాలం) ఏర్పాటు చేయమని ఒక ఎర్ల్‌ను బెదిరిస్తుంది. ఇదే సంగతి అతని వైపు నుంచి చదివితే ఆమె నేరస్థురాలు. ఆమె నోట వింటే, ఇంకే దారి ఉంది అనిపిస్తుంది. అలాగని ఆమె తన తప్పును కప్పిపుచ్చదు, అందుకే నమ్ముతాం.

గోదారి గాలి
పెళ్లికి 21 ఏళ్లు నిండాలన్నది కూడా ఆ కాలపు చట్టమేనా? నవలల్లో అందరూ బండి కట్టించుకొని స్కాట్లండుకు పారిపోతూ ఉంటారు.

బెజవాడ వకీలు
21 నిండనివారు లైసెన్సు మీద పెళ్లి చేసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. 1753లో వచ్చిన చట్టం అది. స్కాట్లండుకు వర్తించదు కనుక సరిహద్దు దాటగానే తగిలే గ్రెట్నా గ్రీన్‌కు పరుగు. తల్లిదండ్రులు అభ్యంతరం చెప్పనివారు మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చదివించుకొనైనా పెళ్లాడవచ్చు.

బాత్‌లో తెలుగింటి
నేను ఉంటున్న బాత్ నగరం ఈ నవలల్లో తరచూ వస్తుంది కాబట్టి కొంచెం చెబుతాను. ఇక్కడి అసెంబ్లీ రూమ్స్ 1771లో తెరిచారు. నాట్యశాల కిటికీలు చాలా ఎత్తులో ఉంటాయి, లోపల నిలబడితే ఆకాశమే తప్ప వీధి కనిపించదు. గోడ పొడవునా కూర్చున్న పెద్దవాళ్ల కళ్లన్నీ మధ్యలో ఉన్న జంటల మీదే ఉండి ఉంటాయి. ఆ రోజుల్లో ఒకే మనిషితో వరుసగా రెండు నాట్యాలు చేయవచ్చు. అంతకు మించితే నిశ్చితార్థమేనని ఊరంతా అనుకుంటుంది. అంటే ఒక యువతికి తనకు నచ్చిన మనిషితో ఎవరూ వినకుండా మాట్లాడే అవకాశం దాదాపు అరగంట. అందులోనూ వరుసలో పైకీ కిందికీ కదులుతూ, మాట మధ్యలో చేయి వదిలి పక్కవారి చేయి పట్టుకొని మళ్లీ రావాలి. ఆ సన్నివేశాలు ఉత్తమ పురుషలో చదివితే సగంలో తెగిన వాక్యం చెవిలోనే ఉండిపోతుంది. అతను ఏమి చెప్పబోయాడో తెలియాలంటే ఆ వరుస తిరిగి వచ్చేదాకా ఆమెతోపాటు ఆగాలి. ఆ గదిలో నిలబడినప్పటి నుంచి నాకు ఆ పేజీలు మరింత ఇష్టమయ్యాయి.

రాత్రి పాఠకురాలు
ఆ తెగిన వాక్యం కోసమే చదువుతామండీ.

కడప కాగితం
ఇంతమంది మెచ్చుకుంటున్న చోట ఒక లోటు కూడా చెప్పాలి. ఈ నాయికలు కట్టుకొనే సన్నని మస్లిన్‌కు పేరు తెచ్చినది ఢాకా, భుజాన వేసుకొనే శాలువా కాశ్మీరుది. బాబాయి ‘ఇండియాలో సంపాదించి’ తిరిగివస్తాడు. ఎలా సంపాదించాడని ‘నేను’ అడగదు. ‘ది గార్డియన్’లో నాయకుడు జమైకా నుంచి తిరిగి వస్తాడు. అక్కడి చెరకు తోటలు అప్పటికి బానిసల చెమట మీదే నడుస్తున్నాయి. బ్రిటన్ 1807లో బానిసల వ్యాపారాన్ని మాత్రమే నిషేధించింది, బానిసత్వాన్ని రద్దుచేసే చట్టం 1833లో గానీ రాలేదు. మన వైపు చూస్తే, సి.పి. బ్రౌన్ కుంపిణీ ఉద్యోగిగా మద్రాసులో దిగినది 1817లో, కడపకు వచ్చినది 1820లో. అంటే సరిగ్గా రీజెన్సీ ఏళ్లలో. అలాంటి కుర్రవాళ్ల అక్కచెల్లెళ్లే ఈ నవలల నాయికలు. ఆమె చూపు డ్రాయింగ్ రూము దాటదు, కథ మొత్తం ఆమె చూపుతోనే చూడాలి కనుక మన చూపూ దాటదు. ప్రథమ పురుషలోనైతే రచయిత కనీసం ఒక్క వాక్యం బయటి నుంచి చెప్పగలడు.

చుక్కల లెక్క
కడప కాగితం గారు ఎత్తిన విషయం సరైనదే. అయితే ప్రథమ పురుషలో వచ్చిన రీజెన్సీ నవలల్లోనూ ఆ ఒక్క వాక్యం ఎంతమంది రాశారు? ఆ లోటు పద్ధతిది కాదు, ఆనాటి రచయిత్రుల దృష్టిది. పైగా ఉత్తమ పురుషలో ఆమె ఏమి అడగలేదో స్పష్టంగా కనిపిస్తుంది. శాలువా రంగు గురించి నాలుగు వాక్యాలు రాసి, డబ్బు గురించి ఒక్కటీ రాయని చోట ఆ వర్గపు మనస్సు మొత్తం బయటపడుతుంది.

కడప కాగితం
జాగ్రత్తగా చదివేవారికి బయటపడుతుంది. అందరూ అలా చదవరన్నదే నా బాధ. అయినా ఈ పుస్తకాలు చదవవద్దని నేను అనడం లేదు, నేనూ చదువుతాను.

ఉత్తరాల సంచి
కడప కాగితం గారు తెలుగు వైపు తీసుకువచ్చారు కనుక గుర్తొచ్చింది. వీరేశలింగం గారి ‘రాజశేఖర చరిత్రము’కు ప్రేరణ అయిన గోల్డ్‌స్మిత్ ‘ది వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ (1766) ఉత్తమ పురుష నవల, అందులో పాదిరే తన కుటుంబ కథ చెబుతాడు. తెలుగులో మాత్రం పంతులుగారు దానిని ప్రథమ పురుషలోకి మార్చారు. తన కుటుంబం మోసపోతున్న సంగతి అమాయకంగా తానే చెప్పే ఆ గొంతు మన దగ్గరికి రాలేదు. నాకు అది పెద్ద నష్టంగానే అనిపిస్తుంది.

తటస్థ పాఠకుడు
నాకు నష్టంగా అనిపించదు. ధవళేశ్వరం ఊరినీ, కొండనూ, గోదావరినీ పరిచయం చేయడానికి ఆయనకు బయటి గొంతు కావాలి. కుటుంబ పెద్ద నోట అంత వర్ణన ఒప్పదు.

గోదారి గాలి
గోదావరి దాకా వచ్చాం, ఇక నాయిక దగ్గరకు తిరిగి వెళ్దాం. కొత్తగా మొదలుపెట్టేవారు ఏది ముందు చదవాలి?

అటకమీది పెట్టె
సరదా కావాలంటే కెనడా రచయిత్రి జోన్ స్మిత్ పుస్తకాల్లో ‘నేను’ అంటూ నడిచేవి చూడండి. నాయికలకు నోరు ఎక్కువ, డబ్బు తక్కువ, ఊళ్లో ఏదో ఒక దొంగతనం. ప్రేమ గాఢత కావాలంటే జోన్ వుల్ఫ్.

రాత్రి పాఠకురాలు
ఉత్తరాలు నచ్చేవారికి పెట్రీషియా రీడీ, కెరొలిన్ స్టీవర్మర్ కలిసి రాసిన ‘సోర్సరీ అండ్ సిసీలియా’ (1988) చెబుతాను. 1817 ఇంగ్లండులో మంత్రవిద్య కూడా ఉంటే ఎలా ఉంటుందన్న ఊహ. ఇద్దరు రచయిత్రులూ ముందుగా కథ అనుకోకుండా, చెరొక పాత్రగా ఒకరికొకరు ఉత్తరాలు రాసుకుంటూ పోయారు. అందుకే ఒక ఉత్తరానికి మరొకటి నిజమైన జవాబులా ఉంటుంది.

పాతపుటలు
విక్టోరియా హోల్ట్‌ను ఎవరూ తలవలేదేమిటి? ‘మిస్ట్రెస్ ఆఫ్ మెల్లిన్’ (1960) రీజెన్సీ కాలానిది కాకపోయినా, గవర్నెస్ (ఇంట్లో ఉండి పిల్లలకు చదువు చెప్పే పంతులమ్మ) గొంతుతో కథ చెప్పడం నాకు అలవాటైనది అక్కడే. చీకట్లో కోట, ఒక్క కిటికీలో దీపం, తెల్లగౌనుతో పరుగెత్తే అమ్మాయి ఉన్న ఆ రకం అట్టలు చూసి మా అమ్మ అవన్నీ దయ్యాల పుస్తకాలనుకొని చెల్లెలికి దొరక్కుండా దాచేది.

ఆబిడ్స్ ఆదివారం
హైదరాబాదులో ఉన్నవారికి: ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఇలాంటివి ఇప్పటికీ దొరుకుతాయి, అయితే రీజెన్సీ అని విడిగా ఉండవు, మిల్స్ అండ్ బూన్ కుప్పలో కలిసిపోయి ఉంటాయి. సన్నటి వెన్ను మీద సిగ్నెట్, ఫాసెట్, జీబ్రా అనే ప్రచురణకర్తల పేర్ల కోసం చూడండి. అట్ట మీద ఉత్తమ పురుష అని రాయరు కనుక అక్కడే నిలబడి మొదటి పేరా చదవాలి. విజయవాడవారికి లెనిన్ సెంటర్ ఉంది.

తటస్థ పాఠకుడు
తోకచుక్క నవల దొరికితే చదువుతాను. నచ్చకపోతే మళ్లీ ఇక్కడికే వచ్చి వాదిస్తాను.

చుక్కల లెక్క
తప్పక రండి. కొత్త ఎర్ల్ మీద ఆమె చిరాకు వాక్యాల పక్కన పెన్సిలుతో గీత పెట్టుకుంటూ చదవండి. సగం పుస్తకం దాటాక ఆ గీతలు తిరగేస్తే మన వాదన అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.